కొర్రమట్ట ఊపిరి, ఆక్సిజన్ మీటరు: చెరువు గురించి ఎవరికి ఏం తెలుసు?

మా ఊరి చెరువు శిఖంలో, తుంగ పెరిగిన చోట నీళ్లు మోకాలు దాటవు. చిన్నప్పుడు ఒక పొద్దున అక్కడ ఊత పట్టుకుని నిలబడ్డ తాత వెనక నేనూ నిలబడ్డాను. ఊత అంటే వెదురు పుల్లలతో అల్లిన గంప. కింద వెడల్పుగా, పైన చెయ్యి దూరేంత సందుతో, రెండు వైపులా తెరిచే ఉంటుంది. తాత చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి నీటి మీద గుబుక్కుమని చిన్న చప్పుడు, ఆ వెనకే రెండు బుడగలు. నేను అటు ఉరకబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఊపిరి తీసుకున్నది బిడ్డా. మళ్ల ఆడనే లేవది. తల ఏ దిక్కున్నదో సూడు, అటే పోయి లేస్తది."

కాసేపటికి నాలుగడుగుల అవతల నీళ్లు మళ్లీ కదిలాయి. ఊత దభీమని దిగింది. పై సందులోంచి చెయ్యి పెట్టి బురదంతా తడిమి, కొర్రమట్టను తల దగ్గర ఒడుపుగా పట్టి తీశాడు. చేతిలో అది తాడులా మెలితిరుగుతోంది.

అప్పుడు నాకు అదొక మంత్రంలా అనిపించింది. పెద్దయ్యాక చదివితే అర్థమైంది, ఆయన చేసింది పక్కా జీవశాస్త్రమని. కొర్రమట్టకు, అదే కొర్రమీనుకు, మొప్పలు ఒక్కటే చాలవు. మొప్పల పైన తలలో గాలి నింపుకునే చిన్న అర ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతున్నా అది మధ్య మధ్య పైకొచ్చి గాలి మింగాల్సిందే. పైకి రానివ్వకపోతే చేప అయ్యుండీ నీళ్లలో ఊపిరాడక చచ్చిపోతుంది. రాత్రి వల వేసి తెల్లారి తీస్తే అడుగున చిక్కిన కొర్రమట్ట కట్టెలా బిగుసుకుపోయి దొరికేది ఇందుకే. మార్కెట్లో బతికున్న కొర్రమట్ట రేటు వేరు, చచ్చినదాని రేటు వేరు. అందుకే తెలిసినవాళ్లు దానికి గాలమో ఊతో వాడతారు కానీ, వల వేసి ఇంటికిపోయి పడుకోరు.

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు మామూలుగా రెండు జట్లుగా నిలబడతారు. మత్స్యకారుల పాత అనుభవం గొప్పది, యంత్రాలొచ్చి దాన్ని పాడు చేశాయని ఒక జట్టు. పాత పద్ధతులతో పొట్ట గడవదు, టెక్నాలజీయే దారి అని ఇంకో జట్టు. ఈ పంచాయితీనే తప్పు దగ్గర మొదలుపెట్టారని నా అభిప్రాయం. తాత కళ్లకూ నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరుకూ మధ్య నిజంగా గొడవేమీ లేదు. గొడవంతా ఆ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎప్పుడు ఏం చేయాలో ఎవరు చెబుతున్నారు అన్న దగ్గరుంది. అది తేలాలంటే కొంచెం లోతుకు దిగాలి.

ఆ తెలివిలో ఏముంది?

"సంప్రదాయ జ్ఞానం" అనగానే తాళపత్రాలు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. రోజూ నీళ్లలో దిగేవాడి ఒంట్లో ఉండే లెక్క. మృగశిర కార్తె దాటి మొదటి గట్టి వాన పడ్డాక వాగు ఎర్రగా పారితే చేప ఎదురెక్కుతుందని, ముసురు పట్టిన మర్నాడు తెల్లవారుజామున చెరువు మీద కన్నేసి ఉంచాలని, బొచ్చె పైనీళ్లలో తిరుగుతుందని, రోహు నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగు బురదలో మేస్తుందని, కాబట్టి ఏ చేప కావాలంటే వల అంత లోతున దించాలని. ఒకే చెరువులో మూడు రకాలూ కలిపి పెంచాలని మత్స్యశాస్త్రం చెప్పే పాఠానికి మూలం కూడా సరిగ్గా ఇదే. ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు.

ఇందులో వద్దనే మాటలూ ఉన్నాయి. కొర్రమట్ట పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా, సన్నగా, ఒకే గుంపుగా నీటి పైన కదులుతాయి. దూరం నుంచి చూస్తే నీళ్లలో కుంకుమ చల్లినట్టు ఉంటుంది. ఆ గుంపు కిందే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. అంటే ఎర్ర గుంపు కనబడిందంటే పెద్ద చేప ఎక్కడుందో ఎవరో వేలు పెట్టి చూపించినట్టే. పట్టడం చాలా తేలిక. కానీ పెద్దదాన్ని తీస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకి పోతాయి. మా తాత తరం వాళ్లు ఎర్ర గుంపు కనబడితే ఊత భుజాన వేసుకుని పక్కకు తిరిగిపోయేవాళ్లు.

అలాగని పాతదంతా మంచిదని రాస్తే అబద్ధమవుతుంది. కొన్ని కాయల పొడి నీళ్లలో కలిపి చేపలకు మత్తెక్కించి పట్టడం పాత పద్ధతే. చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకే రోజున ఊరంతా చీరలూ దోమతెరలూ పట్టుకుని, గుడ్లతో నిండిన కడుపుతో ఎదురెక్కుతున్న చేపలను పండగలా ఏరుకోవడమూ పాత ముచ్చటే. నేనూ ఏరుకున్నాను. విత్తనాల గంపలోంచి తీసి వండుకోవడం లాంటిదని అప్పుడు నాకు తట్టలేదు.

వల మారితే నియమం కూడా మారింది

చేపల వేటలో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చిన టెక్నాలజీ ఏదంటే నేను మోటారు పేరు చెప్పను, ఫోను పేరూ చెప్పను. నైలాన్ దారం అంటాను.

నూలు వల రోజుల్లో ఏం జరిగేదో చూడండి. చెట్ల బెరడు ఉడకబెట్టిన నీళ్లలో వలను నానబెట్టేవాళ్లు, కుళ్లకుండా. వేట నుంచి రాగానే ఉతికి ఎండేయాలి. ఎండకపోతే పుచ్చిపోతుంది. చిరిగితే కూర్చుని అల్లుకోవాలి. అంటే వల నీళ్లలో ఎన్ని గంటలుంటే ఒడ్డు మీద దాదాపు అన్ని గంటలు ఉండాల్సిందే. ఆ గంటల్లో చేపలకు తెరిపి దొరికేది. ఎవరూ చట్టం చేయలేదు, ఎవరూ కాపలా లేరు. వల బలహీనతే కాపలా కాసింది.

నైలాన్ వచ్చాక ఎండబెట్టే పని పోయింది. ఆ వెనక సన్నటి ఒంటి ప్లాస్టిక్ దారంతో అల్లే టంగుసు వల వచ్చింది. నీళ్లలో అది కంటికి ఆనదు, కుళ్లదు, రాత్రంతా, వారమంతా ఉంచినా ఏమీ కాదు. తెగి అడుగున పడిపోతే ఎవరికీ అక్కరకు రాకుండా ఏళ్ల తరబడి చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది. మత్స్యకారులు అత్యాశపరులైపోయారని అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మనుషులు మారినదాని కంటే పనిముట్టు మారింది. పాత పనిముట్టులో కనబడకుండా దాగి ఉన్న నియమం దానితో పాటే పోయింది. ఇప్పుడు ఆ నియమాన్ని మనుషులే కూర్చుని, మాట్లాడుకుని, రాసుకోవాల్సి వస్తోంది. వల కన్ను ఇంతకంటే సన్నగా ఉండకూడదు, ఈ రెండు నెలలు వేట వద్దు, ఈ మూల వదిలేయాలి అని.

రాసుకోకపోతే ఏమవుతుందో కృష్ణ ఒడ్డున చూడొచ్చు. శ్రీశైలం వెనక నీళ్లలో, కొల్లాపూర్, సోమశిల వైపు అలివి వలల గొడవ ఏళ్లుగా నడుస్తోంది. దోమతెర లాంటి సన్న కన్నున్న పొడవాటి వలను చాలామంది కలిసి లాగుతారు. వేలెడు పిల్లల నుంచి గోరంత పిల్లల దాకా అన్నీ వచ్చేస్తాయి. వాటిని ఎండబెట్టి అమ్ముతారు. ఈ వలలు నిషేధం. అయినా పడుతూనే ఉన్నాయి. వాటి మీద మొదట గొంతెత్తింది అక్కడి స్థానిక మత్స్యకారులే. ఈ ఏడాది పిల్లలను ఊడ్చేస్తే వచ్చే ఏడాది తమ వలలో ఏం పడదో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలివి వల వేయించే పెట్టుబడిదారుకు ఆ బెంగ లేదు, వచ్చే ఏడాది ఇంకో జలాశయానికి పోతాడు. వల వేసేవాడు రేపు కూడా అదే నీళ్ల దగ్గర బతకాల్సినవాడా, కాదా? నా లెక్కలో పాత, కొత్త అన్న మాటల కంటే ఈ ప్రశ్న ముఖ్యం.

వరద చేసే పని సూది చేసింది

టెక్నాలజీ వల్ల జరిగిన మేలు కూడా అంతే గట్టిగా చెప్పాలి. బొచ్చె, రోహు, ఎర్రమోసు మన చెరువుల్లో ఎంత బాగా పెరిగినా అక్కడ పిల్లలు పెట్టవు. వాటికి పారే నది కావాలి, వరద కావాలి. ఈ సంగతి మత్స్యకారులకు ఎప్పటి నుంచో తెలుసు. అందుకే ఒకప్పుడు గంగానది ఒడ్డున వరద వేళకు సన్న వలలు కట్టి, కొట్టుకొచ్చే చేప పిల్లలను పట్టి, కుండల్లో, రైళ్లలో దూర ప్రాంతాలకు పంపేవాళ్లు. దారిలో చాలా చచ్చేవి. బతికినవాటిలోనూ పనికిరాని రకాలు కలిసి ఉండేవి.

వరద వచ్చినప్పుడు చేప ఒంట్లో ఏం జరుగుతుంది? శాస్త్రవేత్తలు పట్టుకున్న ప్రశ్న ఇది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఒక చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన ద్రవాన్ని ఇంకో చేపకు ఎక్కించి, నిలవ నీళ్లలోనే గుడ్లు పెట్టించగలిగారు. వరద ఇచ్చే సంకేతాన్ని సూదితో ఇచ్చారన్నమాట. ఇవాళ మన దేశంలో జూలై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది ఆ రోజు గుర్తుకే. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ కనబడే చేపల చెరువులు, హౌరా మార్కెట్‌కు పోయే ఐసు లారీలు, అన్నిటికీ మూలం ఆ సూదే.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. పిల్ల నది నుంచి రావాల్సినంత కాలం నదికి వరద రావడం చెరువు రైతుకూ ముఖ్యమే. సూదితో చేప పిల్లలను పుట్టించే కేంద్రం, అదే హేచరీ, వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఆనకట్ట కట్టి వరదను ఆపేసినప్పుడు, నదిలో సహజంగా పుట్టే చేప తగ్గిపోయినప్పుడు బాధపడేవాళ్లు నది మీద వేటాడే కొద్దిమందే మిగిలారు. ఒక సమస్యకు మంచి మందు దొరికితే, ఆ సమస్య పుట్టిన చోటును మనం చూడటం మానేస్తాం.

కొల్లేరు: ఒకే చోట రెండు తెలివితేటలు

ఈ చిక్కుముడి అంతా ఒకే చోట చూడాలంటే కొల్లేరు వెళ్లాలి.

ముందు చెరువు గట్టు మీద నిలబడి చూడండి. నీళ్లలో వరుసగా పాతిన కర్రలు, వాటికి కట్టిన తాళ్లు, తాళ్లకు వేలాడే సంచులు. సంచి అడుగున చిన్న చిన్న చిల్లులు. పొద్దున్నే ఒక మనిషి పడవ మీద వెళ్లి నూనె తీసిన తవుడు, చెక్క కలిపిన మేతను సంచుల్లో నింపి కట్టి వస్తాడు. పడవ కదిలే చప్పుడుకే చేపలు మూగుతాయి. చిల్లుల దగ్గర మూతి పెట్టి లాగి తింటాయి. మేత నీళ్లలో కరిగి వృథా కాదు. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మధ్యాహ్నానికి సంచి ఖాళీ అయిందంటే చేప ఆరోగ్యంగా ఉన్నట్టు. సగం మిగిలిందంటే రైతుకు టెన్షన్ మొదలవుతుంది: రోగమొచ్చిందా, ఆక్సిజన్ తగ్గిందా, మబ్బు వల్లనా? అంటే ఆ సంచి మేత గిన్నె మాత్రమే కాదు, థర్మామీటరు కూడా. ఇది రైతుల చేతుల్లో పుట్టి పెరిగిన పద్ధతి. పరిశోధకులు వచ్చి రాసుకున్నది తర్వాత.

పిల్లలను ఏడాది పాటు ఇరుకు చెరువులో తక్కువ మేతతో ఎదగనివ్వకుండా ఆపి, ఆ తర్వాత పెద్ద చెరువులోకి వదలడం కూడా ఇలాగే ఆంధ్ర రైతుల దగ్గర స్థిరపడింది. ఆకలితో ఆగిన చేప కరువు తీరా తిని గబగబా ఎదుగుతుంది. స్థానిక జ్ఞానం అంటే తాతల కాలం నాటిదే అనుకుంటే ఇలాంటివన్నీ లెక్కలోంచి జారిపోతాయి. అది ఇప్పటికీ పుడుతోంది, చెరువు గట్టు మీద, టీ కొట్టు దగ్గర, ఒకరి నష్టం చూసి ఇంకొకరు నేర్చుకుంటూ.

ఇప్పుడు గట్టుకు అవతలి వైపు తిరగండి. అక్కడ ఉండేది, ఉండాల్సింది, సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద నీళ్లను దాచుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే సరస్సు. వానాకాలం ఉబ్బి, వేసవిలో ముడుచుకుంటుంది. నీటి మట్టం బాగా తగ్గితే ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు వెనక్కి ఎక్కి ఉప్పు నీళ్లు తెస్తుంది, వాటితో పాటు ఉప్పు నీటి చేపలు కూడా. కొల్లేటి మత్స్యకార కులం వడ్డీల వేట అంతా ఈ ఉబ్బడం, ముడుచుకోవడం మీదే నడిచింది. తాటి దోనెల మీద తిరుగుతూ, నీళ్లు ఎటు నుంచి ఎటు లాగుతున్నాయో చూసి, ఆ దారిలో మావులు పెట్టేవాళ్లు. మావు వెదురు బద్దలతో అల్లిన ఉచ్చు. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. అది దానంతట వెతికి పట్టేది కాదు, సరైన చోట పెడితేనే పనిచేస్తుంది. ఆ సరైన చోటు తెలియడమే విద్య.

1970ల నుంచి సరస్సు గర్భంలో గట్లు లేచాయి. చెరువులు పెరిగాయి. మత్స్యకారుల సొసైటీల పేరు మీద ఉన్న చెరువులు కూడా చాలావరకు బయటి పెట్టుబడిదారుల లీజులోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చింది. 2005, 2006లలో ప్రభుత్వం పెద్ద ఎత్తున గట్లు తెగ్గొట్టింది. తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. ఆ రాజకీయం జోలికి ఇక్కడ పోను. నాకు కావాల్సిన సంగతి ఒక్కటే. మావు ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి ఇప్పుడు అదే చోట చెరువు గట్టు మీద కాపలా కూలీగా ఉన్నాడు. అతని తెలివిని ఏ యంత్రమూ ఓడించలేదు. ఆ తెలివి పనిచేసే నీళ్లే లేకుండా పోయాయి. నీళ్లు లాగే దారికి గట్టు అడ్డం పడ్డాక, నీళ్లు ఎటు లాగుతాయో తెలిసి ఏం లాభం?

ఉపగ్రహ చిత్రం వేస్తే కొల్లేట్లో గట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గీత గీసినట్టు కనబడతాయి. ఆక్రమణల లెక్క తేల్చడానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు. కానీ ఏ గట్టు తీస్తే నీళ్లు పాత దారి పడతాయో, చేప ఎటు ఎక్కుతుందో ఆ చిత్రం చెప్పదు. చెప్పగలిగినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్లంతా పెద్ద వయసువాళ్లు. ఇది రాస్తుంటే నాకు నిజంగా గాబరాగా ఉంది.

ఊపిరి లెక్కపెట్టినవాళ్లు

మళ్లీ కొర్రమట్ట ఊపిరి దగ్గరికి వద్దాం. అమెజాన్ నదిలో పిరరుకు అనే పెద్ద చేప ఉంది. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, బరువు వంద కిలోలు దాటుతుంది. అది కూడా మన కొర్రమట్టలాగే గాలి మింగడానికి పైకి రావాల్సిందే. వేట ఎక్కువై అది చాలా చోట్ల కనబడకుండా పోయింది. దాన్ని కాపాడాలంటే ముందు ఎన్ని ఉన్నాయో తెలియాలి. బురద నీళ్లలో చేపలను లెక్కపెట్టడం ఎలా?

బ్రెజిల్లోని మమిరావా అభయారణ్యంలో శాస్త్రవేత్తలు అక్కడి అనుభవం ఉన్న వేటగాళ్లతో కలిసి కూర్చున్నారు. పిరరుకు పైకి వచ్చిన చప్పుడు, నీటి కదలిక చూసి అది పెద్దదా చిన్నదా, ఇందాక లేచినదేనా, వేరేదా అని ఆ వేటగాళ్లు చెప్పగలరు. దాన్నే పద్ధతిగా మార్చారు. ఒక్కొక్కరికి కొంత నీళ్లు పంచి, 20 నిమిషాల పాటు లేచిన చేపలను లెక్కపెట్టమన్నారు. మీటరున్నర దాటినవి పెద్దవి, అంతకు లోపువి చిన్నవి. తర్వాత చేపలను పట్టి, గుర్తు వేసి, వదిలి, మళ్లీ పట్టే శాస్త్రీయ పద్ధతిలో సరిచూస్తే, మంచి వేటగాళ్ల లెక్క దానికి చాలా దగ్గరగా వచ్చింది. ఖర్చూ చాలా తక్కువ.

అసలు కిటుకు ఆ తర్వాతిది. ఆ లెక్క చెప్పినవాళ్లకే వేట హక్కు ఇచ్చారు. పెద్ద చేపల్లో 30 శాతం మించకుండా పట్టుకోవచ్చు, గుడ్లు పెట్టే కాలంలో వేట ఉండదు, మీటరున్నర లోపు చేపను ముట్టకూడదు. 1999లో మొదలైన ఈ ఏర్పాటుతో కొద్ది సంవత్సరాల్లోనే అక్కడ పిరరుకు ఎన్నో రెట్లు పెరిగింది. తప్పు లెక్క చెబితే రేపు నష్టపోయేది తామే కాబట్టి లెక్క నిజంగా చెప్పారు. బయటివాళ్లు దొంగతనంగా వేటాడకుండా కాపలా కాశారు.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. గాలి కోసం పైకొచ్చే చేప, దాని ఊపిరి చప్పుడు తెలిసిన మనుషులు, రెండూ మన దగ్గర ఉన్నాయి. ఎండాకాలం చెరువు తగ్గాక ఒక పొద్దున పది మంది పెద్దవాళ్లను చెరువు చుట్టూ నిలబెట్టి కొర్రమట్టలను లెక్కపెట్టించడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. కొర్రమట్ట చిన్నది, గడ్డిలో దాక్కుంటుంది, లెక్క పిరరుకు అంత తేలిక కాదు. అయినా మొదలుపెట్టదగ్గ పని.

మీటరు ఎక్కడ గెలుస్తుంది?

తాత కళ్ల కంటే పరికరం మెరుగైన చోట ఆ మాట ఒప్పుకోవాలి. చెరువులో ఆక్సిజన్ పగలు నాచు వల్ల పెరుగుతుంది, రాత్రి అన్నీ కలిసి పీల్చుకోవడం వల్ల తగ్గుతుంది. తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. పగలంతా మబ్బు పడితే ఆ రాత్రి మరీ ప్రమాదం. అనుభవం ఉన్నవాడు నత్తలు గట్టు వైపు ఎక్కడం చూసి, చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చూసి గుర్తుపడతాడు. కానీ చేప నోరు తెరిచిందంటే అప్పటికే ఇబ్బందిలో ఉన్నట్టు. మీటరు రాత్రి పదకొండుకే అంకె చూపిస్తుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ వేసుకోవడానికి నాలుగైదు గంటల టైమ్ దొరుకుతుంది. ఆ నాలుగైదు గంటలే ఒక్కోసారి లక్షల రూపాయల చేప.

మరి నీళ్ల రంగు సంగతి? మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనబడుతోందా లేదా అని చూసే రైతుకూ, నలుపు తెలుపు పళ్లెం తాడుకు కట్టి దించి చూసే శాస్త్రవేత్తకూ తేడా చాలా తక్కువ. ఇద్దరూ కొలిచేది నీళ్లలో నాచు ఎంత ఉందనే. అక్కడ చెయ్యి చాలు.

ఫోను వల్ల రేటు తెలిసింది. ఐసు పెట్టె, టూవీలర్ వల్ల చేప అమ్మే ఆడవాళ్లు పక్క ఊరి సంతకు కూడా పోగలుగుతున్నారు. ఇవి చిన్న విషయాలు కావు, వీటి గురించి వేరే వాదనా లేదు.

ఒక సంగతి మాత్రం నన్ను ఎప్పుడూ తొలుస్తుంది. సముద్రంలో చేప ఎక్కడ దొరకొచ్చో ఉపగ్రహ సమాచారంతో చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. నీటి ఉష్ణోగ్రత, నాచు రంగు చూసి సముద్ర మత్స్యకారులకు రోజూ సూచనలు పంపుతుంది. దాని పని సముద్రానికే. ఆ ఆఫీసుకు పక్కనే ఉన్న చెరువులో వల వేసేవాడికి అలాంటి కబురు ఏదీ రాదు. రేపు మబ్బు పడుతుంది, తెల్లవారుజామున జాగ్రత్త అన్న ఒక్క మెసేజ్ ఊరి సొసైటీ గ్రూపులో వచ్చినా ఎంతో మేలు.

పిల్లల లారీ వచ్చిన రోజు

తెలంగాణలో 2016–17 నుంచి ప్రభుత్వం పూర్తి సబ్సిడీ మీద చెరువుల్లో చేప పిల్లలను వదులుతోంది. అంతకు ముందే మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో నీళ్లు నిలవడం మొదలైంది. మంచి పథకమే. దాని ఫలితం మాత్రం కొన్ని చిన్న విషయాల దగ్గర తేలుతుంది. ఎన్ని పిల్లలు వదలాలో చెరువు విస్తీర్ణం చూసి లెక్క కడతారు. చెరువులో ముందే వాలుగలు, కొర్రమట్టలు ఎన్నున్నాయో విస్తీర్ణం చెప్పదు. అవి ఎక్కువగా ఉన్న చెరువులో చిటికెన వేలంత పిల్లలను వదిలితే వాటికి విందు పెట్టినట్టే. మత్తడి ఇంకా దుంకుతుండగా వదిలితే సగం పిల్లలు కింది ఊరి చెరువుకు పోతాయి, అందుకే ముందుగా మత్తడికి జాలీ కట్టాలి. బాగా ఆలస్యం చేసి వదిలితే చేప తూకానికి రాకముందే ఎండాకాలం వచ్చి చెరువు అడుగంటుతుంది. ఈ మూడూ గంగపుత్రుల ఇంట్లో, ముదిరాజుల ఇంట్లో చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. అడిగే అలవాటే లేదు.

కిందటి వానాకాలం మా చెరువుకు లారీ వచ్చిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు. తెచ్చినవాళ్లకు ఇంకో రెండు ఊళ్లు తిరగాల్సి ఉంది, తొందరగా ఉన్నారు. సంచి కోసి కట్ట దగ్గరే కుమ్మరించబోతుంటే, మా తాత దగ్గర ఊత పట్టడం నేర్చుకున్న బాబాయ్ ఒకాయన, ఇప్పుడు ఆయనకూ అరవై దాటాయి, నీళ్లలోకి దిగి ఆపాడు.

"ఆగుండ్రి సారూ. సంచి సల్లగున్నది, చెరువు ఎచ్చగున్నది. గట్లనే పోస్తే పిల్ల బెదురుతది. ముడి ఇప్పకుంట నీళ్లల్ల తేలనియ్యుండ్రి."

అరగంట సేపు సంచులు నీళ్ల మీద తేలుతూ ఉన్నాయి. ఈలోగా ఆయన మనవడు ఫోన్‌లో చెరువు ఉపగ్రహ చిత్రం తెరిచి, నీళ్లు లోతుగా ఉన్న అవతలి మూల ఎక్కడో చూపించాడు. బాబాయ్ అది చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ మూలనే వారం కిందట ఎర్ర గుంపు చూశాడట. కొర్రమట్టలు అక్కడే కాపలా ఉంటాయి. తూముకు ఇవతల, తుంగ లేని చోటు చూపించాడు. ఇద్దరూ కలిసి సంచులను తెప్ప మీదికి ఎక్కించుకుని అటు తోసుకుపోయారు. తెప్ప అంటే రెండు థర్మాకోల్ షీట్లు, కింద ఒక లారీ ట్యూబు. అక్కడ ముడి విప్పి, చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా సంచిలోకి రానిచ్చి, సంచిని పక్కకు వంచి పట్టుకున్నారు. పిల్లలు ఒక్కసారిగా బయటికి రాలేదు. సంచి మూతి దగ్గర కాసేపు ఆగి, ఒకటీ రెండూ, తర్వాత పదీ ఇరవై, ఆ తర్వాత లెక్క తెలియనంతగా నీళ్లలోకి జారిపోయాయి.